బడి వదిలేది పన్నెండున్నరకి... అమ్మ వచ్చేది ఏడింటికి!

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో రెండున్నర, మూడేళ్ళ బిడ్డ ఉంటే సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ ఒకటే చర్చ. ఏ ప్లే స్కూల్లో వేద్దాం? గోడల మీద బొమ్మలు బాగున్నాయా, జారుడుబల్ల ఉందా, ఫీజు ఎంత, ఇంగ్లీషులో మాట్లాడతారా... ఇలా అన్నీ మాట్లాడుకుంటారు. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం జూన్ దాకా మిగిలిపోతుంది. బడి వదిలాక సాయంత్రం వరకూ ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది?

"నేను ఇంట్లోనే ఉంటాను కదా, ఈ గొడవ నాకెందుకు?" అనుకోకండి. మీ చెల్లెలో, ఆడపడుచో, కోడలో ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు. పిల్లలు కాస్త ఎదిగారని రేపు మీరే ఉద్యోగంలో చేరొచ్చు. లేదంటే పక్క ఫ్లాటు అమ్మాయి బిడ్డని చంకనేసుకొచ్చి "పిన్నిగారూ, కాస్త సాయంత్రం దాకా..." అని మీ తలుపే తట్టొచ్చు. అందుకే ఈ విషయం ఇంట్లో ఉండే మనకీ తెలిసి ఉండాలి.

ముందు గడియారం, తర్వాతే బడి

మేం ఉండేది కూకట్‌పల్లిలో. మా అపార్ట్‌మెంట్లో సగం ఇళ్ళకి పగలంతా తాళాలే. మా పై అంతస్తు అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె భర్తది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ పాపకి బడి వెతకడానికి నన్నూ తోడు తీసుకెళ్ళారు. బయలుదేరే ముందు ఆ అమ్మాయితో ఒక కాగితం మీద లెక్క వేయించాను.

పొద్దున్న తొమ్మిదింటికి పాపని దింపితే గానీ ఆమె పదింటికల్లా బ్యాంకులో ఉండలేదు. సాయంత్రం లెక్కలు సరిచూసుకుని, ఆ ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఏడవుతుంది. అంటే మొత్తం పది గంటలు. ఇక ప్లే స్కూలు నడిచేది తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, మూడు గంటలు. మిగిలినవి ఏడు!

ఈ ఏడు గంటలే అసలు సమస్య. మూడు గంటల బడి గురించి ముప్ఫై ప్రశ్నలు అడుగుతాం. పిల్ల అన్నం తినేదీ, నిద్రపోయేదీ, పడి లేచేదీ, "అమ్మ ఏదీ?" అని ఏడ్చేదీ ఆ ఏడు గంటల్లోనే. దాని గురించి మాత్రం "డే కేర్ కూడా ఉందట" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం.

రోజు లెక్క ఒక్కటే చాలదు, ఏడాది లెక్క కూడా వెయ్యాలి. దసరాకీ, సంక్రాంతికీ, ఎండాకాలంలోనూ బడికి సెలవులుంటాయి. ఆఫీసుకి ఉండవు. కొన్నిచోట్ల బడి మూసినా డే కేర్ తెరిచే ఉంటుంది. కొన్నిచోట్ల రెండూ మూసేస్తారు. ఇది చేర్చేముందే తెలుసుకోవాలి.

ఏమేం దారులున్నాయి?

ఒకే చోట బడి, డే కేర్: సాయంత్రం ఆరున్నర, ఏడు వరకు పిల్లల్ని ఉంచుకునేవి పట్నాల్లో చాలానే ఉన్నాయి. బిడ్డని మధ్యాహ్నం ఇంకోచోటికి మార్చే పని లేదు. పొద్దుట చూసిన ముఖాలే సాయంత్రం దాకా కనబడతాయి గనక చంటిపిల్లలు త్వరగా అలవాటు పడతారు. ఖర్చు మాత్రం ఎక్కువే. బడి ఫీజు వేరు, డే కేర్ వేరు, భోజనం వేరు, ఆలస్యమైతే గంటకింత అని అదో పద్దు. అన్నీ కలిపి నెలకెంతవుతుందో రాయించుకోండి.

బడి ఒకచోట, డే కేర్ ఒకచోట: మధ్యలో వ్యాన్ ఎక్కించాలి. వ్యాన్‌లో డ్రైవరు కాకుండా ఆయా ఉందా? బిడ్డని ఎవరి చేతికి అప్పగిస్తారు? వ్యాన్ రాని రోజున ఎవరు తెస్తారు? వీటికి జవాబు దొరక్కపోతే ఆ ఏర్పాటు వద్దు.

ఆఫీసులోనే క్రెష్: చాలామందికి ఇది తెలియదు. 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థ పిల్లల కోసం క్రెష్ ఏర్పాటు చేయాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో పెట్టారు. అదే నియమం 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. తల్లి రోజుకి నాలుగుసార్లు, విశ్రాంతి వేళతో కలిపి, వెళ్ళి బిడ్డని చూసి రావచ్చు. సంస్థ సొంతంగా నడపలేకపోతే మరికొన్ని సంస్థలతో కలిసి ఒకే క్రెష్ నడుపుకోవచ్చు కూడా. మా పై అంతస్తు అమ్మాయి భర్త ఆఫీసులో అడిగితే, దగ్గర్లోని ఒక డే కేర్‌తో వాళ్ళకి ఒప్పందం ఉందని అప్పుడు తెలిసింది! అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదా. ఒక్కరు అడిగితే పక్కన పెట్టేయొచ్చు గానీ, పిల్లలున్న నలుగురు కలిసి కాగితం రాసిస్తే జవాబు చెప్పక తప్పదు.

అంగన్‌వాడీ: "మనకెందుకులే" అని తీసిపారేయకండి. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకం కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో చదువు, వేడి భోజనం ఉంటాయి. ఫీజు లేదు. అయితే ఇవి సాయంత్రం పొద్దుపోయేదాకా ఉండవు. అందుకని కేంద్ర ప్రభుత్వం మిషన్ శక్తిలో భాగంగా పాల్నా అనే పథకం పెట్టింది. దీని కింద కొన్ని అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా కూడా నడుపుతారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల్ని రోజుకి ఏడున్నర గంటలు చూసుకునే ఏర్పాటు ఇది. అన్నిచోట్లా లేదు. మీ పేటలో ఉందేమో అంగన్‌వాడీ టీచర్నో, సీడీపీఓ ఆఫీసులోనో కనుక్కోండి.

ఇక్కడో మాట. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి కూడా ఉద్యోగస్తురాలే. ఆమె పిల్లని ఎక్కడ వదిలి వస్తోందో ఎప్పుడైనా అడిగారా? పెద్దపిల్లని బడి మాన్పించి చిన్నదాన్ని చూడమంటున్న తల్లులు ఎందరో! ఈ పథకం గురించి ముందు ఆమెకి చెప్పండి.

అమ్మమ్మ, నాయనమ్మ: ఇంతకంటే నమ్మకమైన చోటు లేదు, నిజమే. కానీ అరవై దాటిన మనిషి మూడేళ్ళ పిల్లాడి వెంట రోజుకి పది గంటలు పరుగెత్తగలదా? సగం రోజు బడి, సగం రోజు నాయనమ్మ అయితే ఇద్దరికీ హాయి. ఆమె మందుల వేళ, నిద్ర వేళ, గుడికెళ్ళే వేళ చూసుకుని ఏర్పాటు చేసుకోండి. ఆదివారం మాత్రం పిల్లాడి పని పూర్తిగా మీదే. ఆమెకి సెలవివ్వండి.

చూడ్డానికి నాలుగింటికి వెళ్ళండి

అడ్మిషన్ల కోసం పొద్దున పదింటికి వెళితే అన్నీ అందంగానే ఉంటాయి. పిల్లలు పాటలు పాడుతుంటారు, ఆయాలు నవ్వుతుంటారు. మీరు సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి. మేం ఒకచోటికి అలాగే వెళ్ళాం. పొద్దుట ఫోన్లో "స్టోరీ టైము, గార్డెన్ టైము" అని చెప్పారు. తీరా చూస్తే పద్నాలుగు మంది పిల్లలు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కతే ఆయా, ఆవిడా ఫోన్లో మాట్లాడుతోంది. ఓ పిల్లాడి నిక్కరు తడిసి ఎంతసేపయిందో! దణ్ణం పెట్టి బయటికొచ్చేశాం. చివరికి చేర్చిన చోట గోడలకి రంగులు తక్కువే. కానీ మేం వెళ్ళేసరికి పిల్లలు ఇసకలో ఆడుతున్నారు. ఆయా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది.

వెళ్ళినప్పుడు ఇవి గమనించండి:

* బాత్రూము తడి లేకుండా ఉందా? చిన్నపిల్లలకి అందే ఎత్తులో ఉందా?

* పడుకునే గదిలో గాలి ఆడుతోందా? ఒక్కో బిడ్డకి వేరే దుప్పటి ఉందా?

* పదిమంది పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్ళున్నారు? మధ్యాహ్నం తర్వాత కూడా అంతమందే ఉంటారా?

* గేటుకి గడియ పిల్లలకి అందుతుందా? ప్లగ్గులకి మూతలున్నాయా? మేడమెట్లకి అడ్డు ఉందా?

* మీతో మాట్లాడుతున్న మనిషిని పిల్లలు చూసి దగ్గరికొస్తున్నారా, బెదిరి దూరం జరుగుతున్నారా? ఈ ఒక్కటి చూస్తే చాలు, సగం తెలిసిపోతుంది.

ఇవి అడిగి రాయించుకోండి:

* సాయంత్రం ఎన్నింటివరకు? అరగంట ఆలస్యమైతే బిడ్డ దగ్గర ఎవరుంటారు?

* ఏయే రోజులు మూస్తారు? ఏడాది సెలవుల జాబితా ఇస్తారా?

* జ్వరం వస్తే ఎవరికి ఫోను చేస్తారు? దగ్గర్లో ఏ డాక్టరు?

* తల్లిదండ్రులు కాక ఇంకెవరు వస్తే బిడ్డని పంపిస్తారు? ఆ మనుషుల పేర్లు, ఫోటోలు ముందే ఇచ్చిపెట్టండి. వేరెవరొచ్చినా పంపొద్దని రాసివ్వండి.

* చెప్పకుండా మధ్యలో వచ్చి చూడొచ్చా? "వద్దు" అన్నచోట చేర్చకండి. సీసీ కెమెరాలున్నాయి, ఫోన్లోనే చూసుకోవచ్చు అంటారు. మంచిదే, కానీ మనిషి వెళ్ళి చూసినదానికి అది సాటి రాదు.

అక్షరాల తొందర వద్దు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతిలో చేరేది ఆరేళ్ళు నిండాకే. మూడేళ్ళ పిల్లతో నాలుగు పేజీలు రాయిస్తున్నామని గొప్పగా చెప్పే బడికంటే, తన అన్నం తనని తిననిచ్చి, తన చెప్పులు తనని వేసుకోనిచ్చే బడి మేలు.

కేరేజీలో ఏం పెట్టాలి?

రోజంతా ఉండే బిడ్డకి రెండు డబ్బాలు కావాలి. పదకొండింటికి ఇడ్లీ ముక్కలు నెయ్యి రాసి, లేదా చిన్న చిన్న ఊతప్పాలు. కొబ్బరి పచ్చడి ఎండాకాలం మధ్యాహ్నానికి పాడవుతుంది, పెట్టకండి. భోజనానికి మెత్తటి పప్పన్నం, లేకపోతే పెరుగన్నం. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి కలిపి పంపండి. తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. సాయంత్రానికి అరటిపండో, చిన్న సున్నుండో. వేరుశెనగ గింజలు, గింజ ఉన్న పళ్ళు, గుండ్రని ద్రాక్షలు చిన్నపిల్లల డబ్బాలో వద్దు. గొంతుకి అడ్డం పడే ప్రమాదముంది. ద్రాక్షని నిలువుగా నాలుగు చీలికలు చేసి పెట్టొచ్చు.

మీ ఇంట్లోనే చూసుకుంటున్నారా?

మనలో చాలామంది పక్కింటి పిల్లల్ని ఇంట్లో చూసుకుంటున్నాం. కొంత డబ్బూ వస్తుంది, ఇంట్లో సందడీ ఉంటుంది. కానీ మొహమాటంతో మొదలుపెడితే మూడో నెలకి మాటలుండవు! వేళ ఎప్పటినుంచి ఎప్పటివరకో, నెలకెంతో, మన ఊరికెళ్ళే రోజులేవో మొదటిరోజే చెప్పుకోవాలి. ముగ్గురు నలుగురి కంటే ఎక్కువమందిని ఒప్పుకోకండి. ఒక్క మనిషికి రెండే చేతులు! బిడ్డ తల్లి రాసివ్వకుండా ఏ మందూ వెయ్యకండి. వంటగది గుమ్మానికి అడ్డు పెట్టుకోండి. ఇక పని చేయించుకునే తల్లులకీ ఓ మాట. "ఇంట్లో ఖాళీగానే ఉన్నారుగా" అనకండి. మీ బిడ్డని పది గంటలు చూసుకునే మనిషి ఖాళీగా ఉన్నట్టా?

మొదటి పదిహేను రోజులు

చేర్చిన రోజే సాయంత్రం దాకా వదిలేయకండి. మొదటి రెండు రోజులు గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత భోజనం దాకా, ఆ పైవారం నిద్రతో కలిపి... ఇలా పెంచండి. అందుకోసం భార్య వారం, భర్త వారం సెలవు పెట్టుకోవచ్చు. వెళ్ళేటప్పుడు దొంగచాటుగా జారుకోకుండా, "నువ్వు పాలు తాగాక వస్తాను" అని చెప్పి వెళ్ళండి. గంటలు చంటిపిల్లకి తెలియవు, పాలు తాగడం తెలుసు. అన్నమాట ప్రకారం వస్తే రెండు వారాల్లో నమ్మకం కుదురుతుంది.

జ్వరం వచ్చిన రోజుకి ఎవరు సెలవు పెట్టాలన్నది కూడా ముందే అనుకోండి. ఎప్పుడూ అమ్మే ఎందుకు పెట్టాలి? చాలామంది ఆడవాళ్ళు ఉద్యోగం మానేది జీతం చాలక కాదు. ఈ ఏడు గంటలకి ఇంట్లో ఎవరూ పూచీ పడక! అలా మానేసిన వాళ్ళు మీ చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు, గుర్తు చేసుకోండి.

కాబట్టి బ్రోచర్లు తిరగేసే ముందు ఓ తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా గంటలు వరసగా రాయండి. ప్రతి గంటకి ఎదురుగా, ఆ వేళ బిడ్డ ఎవరి దగ్గరుంటుందో ఒక మనిషి పేరు రాయండి. ఖాళీ గడి ఒక్కటి మిగిలినా ఇంకా బడి దొరకలేదనే లెక్క!