అరటినార – ఆడువారి ఆరోగ్యం

గోదావరి లంకల్లో గెల కోసిన తరువాత అరటి బోదెను నరికి గట్టున పారవేయడం మనం నిత్యం చూసే దృశ్యమే. అరటి ఒక్కసారే గెల వేస్తుంది. ఆపైన ఆ బోదె రైతుకు బరువే. కడియం ప్రాంతంలో పూలదండలు కట్టే నార కూడా ఈ బోదె పొరలదే. అదే నార స్త్రీల ఋతుకాల రక్షణకు ఉపకరిస్తుందని కొన్నేళ్ల క్రితం వరకు నేనూ ఎరుగను.

గత వేసవిలో మా మనుమరాలు రాజమహేంద్రవరం వచ్చింది. నెలసరి మూడవ రోజున, "అమ్మమ్మా, ఈ ప్యాడ్లతో ఒరుసుకుపోయి మంటగా ఉంది. నీ చిన్నప్పుడు ఏం వాడేవారు?" అని అడిగింది. పాత నూలు చీర ముక్కలని చెప్పాను. అయితే వాటిని ఎవరి కంటా పడకుండా చీకటి గదిలో, మరో చీర క్రింద ఆరవేసేవారమని, సరిగా ఆరని ఆ గుడ్డల వల్ల నేనూ దురదతో బాధపడ్డానని కూడా చెప్పాను. దోషం నూలుగుడ్డది కాదు, మా సిగ్గుది.

బజారులో దొరికే ప్యాడ్లలో అధికభాగం పైపొర, అడుగుపొర ప్లాస్టిక్‌వే. లోపల తడిని పీల్చే రసాయనపు పలుకులు ఉంటాయి. ఉక్కపోత గల మన సీమలో గాలి ఆడక చర్మం నానుతుంది, ఒరుస్తుంది. పారవేసినవి కాలువల్లో తేలుతాయి. మట్టిలో వందల ఏళ్లు నిలుస్తాయి. కాల్చితే విషవాయువులు వెలువడతాయి.

ఇందుకు ప్రత్యామ్నాయం మొక్కల నారలో ఉంది. అహ్మదాబాదులో 2015లో ఏర్పడిన 'సాథి' సంస్థ అరటినారతో ప్యాడ్లు తయారుచేసింది. అవి ఆరు నెలల్లో మట్టిలో కలిసిపోతాయని ఆ సంస్థ చెబుతుంది. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కిత్తనార నుండి 'లిగ్నిన్' అనే గట్టి పదార్థాన్ని తొలగిస్తే, అది పత్తికంటే ఎక్కువ తడిని పీల్చగలదని తెలిపారు. మన తెలుగు పిల్లలూ వెనుకబడలేదు. తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి ఉన్నత పాఠశాల విద్యార్థినులు గుర్రపు డెక్క కాడలు, వేపాకు, పసుపు, మెంతులు, సబ్జా గింజలతో 'స్త్రీ రక్షా ప్యాడ్లు' చేసిన వార్తను 2021 జనవరిలో చదివాము.

ఆ ఉత్సాహంతో నేనూ బోదె నుండి నార తీసి, ఎండబెట్టి, గుడ్డలో కుట్టి చూశాను. నీరు పోస్తే పీల్చక ప్రక్కలకు జారిపోయింది, చేతికి గరగరలాడింది. కారణం తరువాత తెలిసింది. పచ్చినారలోని లిగ్నిన్, జిగురు తడిని లోనికి పోనివ్వవు. క్షారంతో ఉడికించి, బాగా కడిగి, దూదివలె చీల్చిన పిదపే నార మెత్తబడుతుంది. కనుక సోదరీమణులారా, పచ్చినారను, ఆకులను ఇంట కుట్టుకొని వాడవద్దు. గుర్రపు డెక్క మురుగునీటిలోని లోహాలను సైతం పీల్చుకుంటుంది. మన కాలువలది తెచ్చి ప్రయోగించరాదు.

ఇంట ఆచరించదగినది ఇది:

1. మెత్తని, శుభ్రమైన నూలుగుడ్డను మడతలుగా వాడాలి. నాలుగు నుండి ఆరు గంటలకొకసారి, తడిస్తే అంతకుముందే మార్చాలి.
2. వాడిన గుడ్డను ముందు చన్నీటిలో నానబెట్టి, పిదప సబ్బుతో ఉతకాలి. వేడినీరు ముందే పోస్తే మరక పట్టుకుంటుంది.
3. ఎండలో పూర్తిగా ఆరవేయాలి. వాన రోజుల్లో ఇస్త్రీ చేయాలి.
4. కొనే ప్యాడ్లపై 'సహజం' అన్న మాటతో తృప్తిపడక, అడుగుపొర కూడా మట్టిలో కలిసేదేనా అని చూడాలి.
5. దుర్వాసన, జ్వరం, పొత్తికడుపు నొప్పి, తగ్గని దురద, మితిమీరిన స్రావం ఉంటే గృహచికిత్సలతో కాలయాపన చేయక వైద్యులను సంప్రదించాలి.

నదికి ఆవలి ఒడ్డున కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం అరటి పరిశోధనకు పేరొందినది. రావులపాలెం అరటి వ్యాపారం సంగతి చెప్పనక్కరలేదు. ముడిసరుకు మన గట్ల మీదే కుళ్లిపోతున్నది. నారను మెత్తబరచే పనిని మన మహిళా సంఘాలు చేపడితే రైతుకు నాలుగు రూకలు, ఆడపిల్లలకు ఆరోగ్యం లభిస్తాయి.

మా మనుమరాలు నూలుగుడ్డలను మేడ మీద తీగపై నిండు ఎండలో ఆరవేసింది. "ఎవరైనా చూస్తారేమో!" అని నోటిదాకా వచ్చిన మాటను నేను మ్రింగివేశాను.