సహర్ టైము 4:33నా, 4:38నా? చిన్న ఫోన్లలో బొమ్మ స్పష్టంగా కనిపించాలంటే రంగులు తగ్గించాలి

రంజాన్ దగ్గర పడితే చాలు, ప్రతి మొహల్లా గ్రూపులో సహర్, ఇఫ్తార్ టైంటేబుళ్లు తిరగడం మొదలవుతుంది. ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్, బంగారు రంగు అంచు, వెనకాల మినార్ల నీడ, వాటి మీద ముప్పై రోజుల అంకెలు. తయారుచేసిన కుర్రాడి పెద్ద ఫోన్‌లో చాలా అందంగా ఉంటుంది. అదే బొమ్మ ఇంట్లో నానీ చేతిలోని బటన్ల ఫోన్‌కి వెళ్తే 3 ఏదో, 8 ఏదో తెలియదు. మామూలు రోజుల్లో అయిదు నిమిషాల తేడా ఎవరూ పట్టించుకోరు. సహర్ ఆఖరి టైము దగ్గర మాత్రం రోజా మొత్తం ఆ అయిదు నిమిషాల మీదే ఉంటుంది.

పెద్దవాళ్లకి చూపు తగ్గిందని మనం సర్దుకుపోతాం. చాలాసార్లు లోపం బొమ్మలోనే ఉంటుంది. దాన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు.

చిన్న ఫోన్‌కి ఎన్ని రంగులు వస్తాయి?

స్క్రీన్ మీద కనిపించే ప్రతి బొమ్మా పిక్సెల్స్ అనే చిన్న చుక్కలతో తయారవుతుంది. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలుస్తాయి. కంప్యూటర్లు, మంచి ఫోన్లలో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు. చాలా చవక ఫోన్లలో ఎరుపుకి 32, ఆకుపచ్చకి 64, నీలానికి 32 మెట్లే ఉంటాయి. అంటే 65,536 రంగులు. మన కన్ను ఆకుపచ్చలో తేడాల్ని బాగా పడుతుంది కాబట్టి దానికి రెట్టింపు మెట్లు ఇచ్చారు.

ఒకప్పుడు ఇవి కూడా లేవు. 2000లో వచ్చిన నోకియా 3310లో రంగులే లేవు, చుక్కలు 84×48 మాత్రమే. 2002 నాటి నోకియా 7210లో 4,096 రంగులు. 2003లో వచ్చిన నోకియా 6600తో 65,536కి చేరాం.

తన దగ్గర లేని రంగు వస్తే ఫోన్ దానికి దగ్గర్లో ఉన్న రంగు వేసేస్తుంది. అందుకే ముదురు ఆకుపచ్చ నుంచి లేత ఆకుపచ్చకి నెమ్మదిగా మారే బ్యాక్‌గ్రౌండ్ చిన్న ఫోన్‌లో పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. ఆ పట్టీల మధ్య సన్నటి అంకెలు కలిసిపోతాయి.

ఖాతా నంబరు లాంటి లెక్క

రంగుల్ని ఫోన్ ఎంచుకునేదాకా ఆగకుండా మనమే ముందు ఎంచుకోవచ్చు. దీన్నే ప్యాలెట్ పద్ధతి అంటారు. అకౌంట్స్ రాసేవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. ప్రతి ఎంట్రీలో పార్టీ పూర్తి పేరు, అడ్రసు రాయం కదా. మొదటి పేజీలో జాబితా పెట్టుకుని, లోపల నంబరు మాత్రం వేస్తాం. బొమ్మలో కూడా అంతే. వాడే రంగుల జాబితా ముందు ఉంటుంది, ఒక్కో చుక్క దగ్గర దాని నంబరు మాత్రమే ఉంటుంది.

లెక్క చూడండి. 240×320 స్క్రీన్‌లో 76,800 చుక్కలు. పూర్తి రంగులతో చుక్కకి 3 బైట్లు, అంటే 2,30,400 బైట్లు. 16 రంగుల జాబితా పెడితే చుక్కకి అర బైటు చాలు. జాబితాకి పట్టే 48 బైట్లు కలిపినా 38,448. ఆరో వంతు! కుదింపు చేయకముందు లెక్క ఇది. పీఎన్‌జీ ఫైలుగా సేవ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. 1987లో వచ్చిన జిఫ్ ఫైలు కూడా ఈ పద్ధతిలోదే, 256 రంగులు దాటదు.

ఏ బొమ్మకి ఎన్ని రంగులు?

అక్షరాలు, అంకెలు ఉన్న బొమ్మకి 16 రంగులు సరిపోతాయి. రెండే రంగులకి దింపితే అక్షరాల అంచులు గరుకుగా మారి చిన్న చుక్కలు మాయమవుతాయి. ఉర్దూలో బే, పే, తే మధ్య తేడా నుక్తాల్లోనే ఉంది. తెలుగులో ప, ఫ, ష కూడా చిన్న గీతలతోనే వేరవుతాయి. అది పోతే మాటే మారిపోతుంది.

షాదీ ఫోటోలు, పిల్లల ఫోటోలకి మాత్రం ఇది వద్దు. వాటికి జేపెగ్ ఫైలే మేలు. అదే జేపెగ్‌ని అక్షరాలకి వాడితే గట్టిగా కుదించినప్పుడు వాటి చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలు వస్తాయి.

రంగులు తగ్గించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ‘డిథరింగ్ కావాలా’ అని అడుగుతుంది. రెండు రంగుల చుక్కల్ని పక్కపక్కన చల్లి మూడో రంగు ఉన్నట్టు భ్రమ కలిగించడం అది. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆకాశం, ముఖాలు ఉన్న బొమ్మకి బాగుంటుంది. టైంటేబుల్‌కి వద్దు. అంకెల చుట్టూ చుక్కలు చేరతాయి, ఫైలు కూడా పెరుగుతుంది.

చేసే పద్ధతి

గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకోండి. మొదట సైజు తగ్గించండి, తర్వాతే రంగులు. ముందే రంగులు తగ్గిస్తే సైజు మార్చినప్పుడు అక్షరాలు విరుగుతాయి. ఆ తర్వాత ఇమేజ్, మోడ్, ఇండెక్స్‌డ్‌కి వెళ్లి 16 అని కొట్టండి. డిథరింగ్ వద్దని పెట్టి, పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి.

రంగులతో తీరని సమస్య ఒకటుంది. 320 చుక్కల ఎత్తులో 30 రోజులు పెడితే వరసకి దాదాపు 10 చుక్కలే వస్తాయి. అష్రాకి ఒకటి చొప్పున మూడు బొమ్మలు చేస్తే వరసకి దాదాపు 30 చుక్కలు వస్తాయి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నల్లటి అంకెలు పెట్టండి. ఆకుపచ్చ మీద ఎరుపు అసలు వద్దు, ఆ రెండింటి తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో చాలామందే ఉంటారు.

గ్రూపులో పెట్టేముందు ఇంట్లో ఉన్న అన్నిటికంటే చిన్న ఫోన్‌కి పంపి, దాన్ని వాడేవాళ్లనే చదవమనండి. వాళ్లు తడుముకోకుండా చదివితే ఆ బొమ్మ మొహల్లా అంతటికీ పనికొస్తుంది.