డర్బన్ డబ్బు, పల్లిపాడు నేల

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే వాళ్లలో చాలామందికి పల్లిపాడు వైపు తిరగాలని తోచదు. ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డున ఉన్న ఊరది. పెన్నకే పినాకిని అని ఇంకో పేరు. ఆ పేరుతోనే అక్కడ ఒక ఆశ్రమం ఉంది: పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి దాన్ని ప్రారంభించారు. రెండో సబర్మతి అని మా జిల్లా వాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. గర్వంగా చెప్పుకోవడమే గానీ, అది ఎవరి చేతుల మీదుగా ఎలా నిలబడిందో మనలో ఎంతమందికి తెలుసు? ఈ ప్రత్యేక సంచికకు ఒక సంస్థ గురించి రాయమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ ఆశ్రమమే. ఊళ్లో సంఘం నడిపేవాళ్లూ, ఇక్కడ విదేశంలో ఉండి డబ్బు పంపేవాళ్లూ ఇద్దరూ తెలుసుకోవలసిన సంగతి దాని కథలో ఉంది.

మనుషులు అక్కడివాళ్లే. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు సబర్మతిలో గాంధీజీ దగ్గర ఉండి, ఆ పద్ధతులు చూసి వచ్చారు. నేలా అక్కడిదే. ఇచ్చింది పొణకా కనకమ్మ గారు. 1892లో మినగల్లులో పుట్టి, పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం నడిపిన ఇల్లాలు ఆమె. తర్వాత 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పెద్ద చదువులు లేకపోయినా ఆమె చేత సంస్థలు పెట్టించింది ఏమిటో తెలియాలంటే ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' చదవాలి. ఆమె పోయిన చాలా ఏళ్లకు, 2011లో అచ్చయింది.

నేలా మనుషులూ ఉన్నారు. మరి ప్రధాన భవనం కట్టడానికి డబ్బు? అది దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. డర్బన్‌లో వ్యాపారం చేసుకునే పార్సీ రుస్తుంజీ 10,000 రూపాయలు ఇచ్చారు. 1897 జనవరిలో డర్బన్‌లో తెల్లవాళ్ల గుంపు గాంధీజీ మీద పడి కొట్టినప్పుడు ఆయన తలదాచుకున్నది ఈ రుస్తుంజీ ఇంట్లోనే. గుంపు ఇంటిని చుట్టుముడితే పోలీసు జవాను వేషంలో బయటపడ్డారు. అలాంటి స్నేహం వాళ్లది. రుస్తుంజీ తెలుగువాడు కాదు, నెల్లూరుతో చుట్టరికం లేదు. మన తాతల కాలంలో సముద్రం దాటి సంపాదించుకున్న ఒక ప్రవాసి, అంతే. మన జిల్లా తీరానికి అందిన తొలి ప్రవాస సాయాల్లో ఇది ఒకటని నేను అనుకుంటాను.

ఈ మూడు వాటాలు చూడండి. నేల ఊరిది, ఒళ్లు వంచేవాళ్లు ఊరివాళ్లు, గోడలు లేపడానికి సాయం బయటిది. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య నమ్మకానికి గాంధీజీ ఉన్నారు. ఆయన మాట మీదే డర్బన్ డబ్బు పల్లిపాడు చేరింది. ఇవాళ ఆ మధ్య స్థానంలో ఉన్నవి ఫౌండేషన్లు.

కమ్యూనిటీ ఫౌండేషన్ అనే ఏర్పాటు 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదలయింది. ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు ఆలోచన అది. ఒక కోటీశ్వరుడి సొంత ట్రస్టులా కాకుండా, ఊళ్లో పదిమంది ఇచ్చిన డబ్బు ఒకచోట చేర్చి, ఎక్కడ ఖర్చు పెట్టాలో ఆ ఊరి పెద్దల కమిటీ తేల్చడం. మన దేశంలో ఈ తరహాలో 1991లో బొంబాయి కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టు వచ్చింది. 1977లో న్యూయార్క్‌లో మొదటి మహాసభ జరుపుకున్న ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా అయినా, 1990లో పుట్టిన అమెరికా తెలుగు సంఘం ఆటా అయినా, ఊరూరా ఉన్న మన చిన్న సంఘాలైనా సేవా విభాగాల ద్వారా చేస్తున్నది ఇంచుమించు ఇదే. ఇక్కడ పోగుచేసిన డబ్బుకు అక్కడ సరైన చేతులు వెతకడం.

ఆ వెతకడంలో నేనూ కొన్నేళ్లు ఉన్నాను. మా సంఘం సేవా కమిటీకి వచ్చే దరఖాస్తులు చదివే పని నాది. రెండు దరఖాస్తులు ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకటి రంగుల లెటర్‌హెడ్ మీద వచ్చింది. బడుగు బలహీన వర్గాల సర్వతోముఖాభివృద్ధికి అహర్నిశలు కృషి చేస్తున్నామని, కావున తమరు ఇరవై ఐదు లక్షలు మంజూరు చేయవలసిందని రాశారు. ఎవరికి, ఏ ఊళ్లో, దేనికి అన్నది నాలుగు పేజీలు తిప్పినా దొరకలేదు. రెండోది రూళ్ల కాగితం మీద చేత్తో రాసి, ఫోనులో ఫొటో తీసి పంపింది. తీరం వెంట ఒక పాళెంలో చేపలమ్మే ఆడవాళ్ల సంఘం. తెల్లారి పడవ ఒడ్డుకొచ్చాక సరుకు గంపల్లో బస్సెక్కి టౌనుకు చేరేలోగా, ఎండాకాలం సగం చేప మెత్తబడుతోందని, మధ్యాహ్నం అడిగిన ధరకు ఇచ్చేయాల్సి వస్తోందని రాశారు. ఇరవై రెండు ఐస్ బాక్సులు కావాలి. నెల్లూరులో రెండు షాపుల్లో అడిగిన రేట్లు పక్కపక్కన వేశారు. మూడో వంతు తమ పొదుపులోంచి పెడతామన్నారు. మూత విరిగితే బాగుచేయించుకోవడానికి నెలకు మనిషికి ఇంత అని తీర్మానం రాసుకున్నారు. ఆ తీర్మానం పేజీ కూడా ఫొటో తీసి పంపారు. కింద సంతకాలు, నాలుగు వేలిముద్రలు.

కమిటీలో ఎవరూ మారుమాట్లాడలేదు. రాత బాగున్నందుకు కాదు, లెక్క కళ్లకు కట్టినందుకు.

ఆ లెక్క వాళ్లకు ఎవరో కన్సల్టెంటు నేర్పలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిన జిల్లా అది. ఆ వేడిలోంచే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా ఇంటింటి రూపాయి లెక్కా పుస్తకంలో ఎక్కించుకున్నవాళ్లు. ఏ ఫౌండేషన్ అయినా 'మీకు డబ్బు వాడిన అనుభవం ఉందా' అని అడుగుతుంది. నెల్లూరు తీరంలో ఆ ప్రశ్నకు జవాబు పొదుపు సంఘం మినిట్స్ పుస్తకంలోనే ఉంది. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి, ఎవరో రాసిచ్చిన ఇంగ్లీషు ప్రాజెక్టు రిపోర్టు పంపుతారు. దయచేసి ఆ పుస్తకమే పంపండి.

అసలు చిక్కు మంజూరయ్యాక వచ్చింది. ఆ సంఘానికి విదేశీ విరాళం తీసుకునే అనుమతి, అదే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, లేదు. మా సంఘం ఖాతా నుంచి ఒక్క డాలరు పంపినా చట్టవిరుద్ధం. వెనకటికైతే ఆ అనుమతి ఉన్న పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు పంచేది. 2020 సెప్టెంబరులో చట్టం మార్చి ఆ దారి మూసేశారు. తీసుకున్న సంస్థ ఇంకొకరికి బదిలీ చేయకూడదు, తానే ఖర్చు పెట్టాలి. ఆఫీసు ఖర్చుల పరిమితి యాభై శాతం నుంచి ఇరవైకి దిగింది. డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే పడాలి. కొత్తగా రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ల నుంచి పనిచేస్తూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. పాళెంలో ఐస్ బాక్సులు అడిగే సంఘానికి 15 లక్షలు ఎక్కడివి? ఫలానా దాత, ఫలానా పని అని చూపించి ముందస్తు అనుమతి తెచ్చుకునే వీలు ఉంది గానీ, అందుకు నెలల తరబడి ఓపిక కావాలి.

మేం చివరికి పట్టుకున్న దారి ఇది. అమెరికా, గల్ఫ్, సింగపూర్ ఎక్కడున్నా సరే, భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా, వస్తుంది. ఈ ఒక్క తేడా మన సభ్యుల్లో నూటికి తొంభై మందికి తెలియదని నా అనుభవం. మా సంఘంలో ఇంకా మన పాస్‌పోర్టే ఉన్న కుర్రవాళ్లు తొమ్మిది మంది, ఎవరికి వాళ్లు తమ ఎన్నార్వో ఖాతాల్లోంచి పంపారు. రసీదులు విడివిడిగా తీసుకున్నారు. దరఖాస్తు వచ్చిన ఎనిమిదో నెలలో ఐస్ బాక్సులు పాళెం చేరాయి. అప్పటికి ఒక ఎండాకాలం చేయి దాటిపోయింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

చందా వేరు, గ్రాంటు వేరు. చందా ఇచ్చినవాడు చేయి దులుపుకుని పోతాడు. గ్రాంటు ఇచ్చినవాడికి లెక్క చెప్పాలి, ఆయన కూడా ఇంకొకరికి చెప్పుకోవాలి. అందుకే కాగితాల మీద పట్టుబడతాం. ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీ 2001 చట్టం కింద రిజిస్టరవుతుంది, ఏడుగురు చాలు. ఏడుగురు దొరుకుతారు, రిజిస్ట్రేషన్ అవుతుంది, సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు. ఏటా సభ్యుల జాబితా, ఆడిట్ లెక్కలు రిజిస్ట్రారుకు ఇవ్వాలన్నది మాత్రం మరిచిపోతారు. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే. ఇక 12ఏ, 80జీ అని అందరూ పిలిచే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, పాన్ కార్డు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు. ఇవి ఉంటే విదేశీ డబ్బు రాకపోయినా దేశంలోని దాతలు ఇస్తారు. కృష్ణపట్నం రేవు చుట్టూ కంపెనీలు, థర్మల్ కేంద్రాలు ఉన్నాయి. చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేసుకున్న సంస్థకే వాళ్లు ఇవ్వగలరు. తీరాన్ని ఆనుకుని బతికేవాళ్లు ఆ తలుపు తట్టడం దేబిరించడం కాదు.

ఎప్పుడు అడగాలన్నది ఇంకో సంగతి. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులు మా తరం మరిచిపోలేదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ రెండు రోజుల్లో డబ్బు పోగైంది. అడగకుండానే ఇచ్చారు. అయితే అలా ఇచ్చింది దుప్పట్లకు, బియ్యానికి సరిపోతుంది. పడవలకు, వలలకు, బడికి, వానాకాలానికి ముందే చేయవలసిన కట్టకు నింపాదిగా అడగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఊళ్లోనే ఉంటారు. దరఖాస్తుకు కూర్చోవడానికి అంతకంటే మంచి కాలం లేదు. కార్తీకంలో తుఫాను హెచ్చరికల మధ్య రాయడం ఎవరికీ కుదరదు.

మన వైపు తప్పు కూడా చెప్పాలి. మనం గోడలకు ఇస్తాం, గేటు మీద అమ్మానాన్నల పేరు చూసుకోవాలని. ఆ ప్రేమను నేను కాదనను. అయితే రెండో ఏడు ఆ గదికి సున్నం ఎవరు వేయిస్తారు, బల్బు ఎవరు మారుస్తారు, పిల్లలకు చెప్పే పంతులమ్మకు జీతం ఎవరిస్తారు అని అడగం. పల్లిపాడునే చూడండి. రుస్తుంజీ డబ్బుతో భవనం లేచింది. కానీ ఆశ్రమాన్ని స్వాతంత్ర్య పోరాటంలో కార్యకర్తల నెలవుగా నిలిపింది, ఆ తర్వాత మరుగున పడకుండా చూసింది మనుషులు. ఆ బాధ్యత ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ నెల్లూరు శాఖ భుజాన వేసుకుంది. కట్టించినవాళ్ల పేరు చెప్పుకున్నంత గట్టిగా, నిలబెట్టినవాళ్ల పేరూ చెప్పుకోవాలి. మన ఫౌండేషన్లు గ్రాంటులో నిర్వహణకు కూడా మూడేళ్ల వాటా పెట్టాలని మా కమిటీలో ఎప్పుడూ వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను.

కావలి నుంచి వాకాడు దాకా ఏ పాళెంలో పుట్టినవాళ్లయినా సరే, ఈ సంచిక చదువుతున్న మీతో ఒక మాట. మీ ఊరికి డబ్బు పంపే ముందు ఊళ్లో ఏ సంఘం నిజంగా పని చేస్తోందో కనుక్కోండి. సెక్రటరీకి ఫోన్ చేసి, రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కడుంది, కిందటేడు లెక్కలు దాఖలు చేశారా అని అడగండి. చేయలేదంటే కోప్పడకండి. నెల్లూరులో మీకు తెలిసిన ఆడిటరు ఎవరైనా ఉంటే ఒక పూట వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి, ఆ ఫీజు మీరు కట్టండి. మీరిచ్చే మొదటి గ్రాంటు అదే అవుతుంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పల్లిపాడు వైపు కూడా ఒకసారి తిరగండి.