సూరత్ తెలుగు బడిలో ఒక లెక్క

ఉపాధ్యాయుని జీతాన్ని పిల్లల చదువుకు ముడిపెట్టాలన్న మాట ఢిల్లీ సదస్సులలో ఎన్నడూ పాతబడదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం సైతం పదోన్నతిలోను, జీతంలోను ప్రతిభకు చోటుండాలని సెలవిచ్చింది. ఆ ప్రతిభను తూచే రాయిని సమకూర్చుకొనే భారాన్ని మాత్రం రాష్ట్రాల నెత్తిన పెట్టింది.

ఈ సందేహంతోనే సూరత్ వెళ్లాను. లింబాయత్ పేటలో అడుగిడితే గుజరాత్‌లో ఉన్నామన్న సంగతే మరపునకు వస్తుంది. మరమగ్గాల రొద నడుమ కరీంనగర్, వరంగల్, నల్లగొండ యాసలు వినవస్తాయి. ఈ పద్మశాలీల పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నది. పరరాష్ట్రంలో ఇది చిన్న విషయమేమీ కాదు. (1994 ప్లేగు అనంతరం ఈ నగరాన్ని కడిగి నిలబెట్టిన కమిషనరు ఎస్.ఆర్. రావు తెలుగువారే కావడం మరో ముచ్చట.)

జీతానికి, ఫలితానికి ముడివేసి చూచిన పెద్ద ప్రయోగం జరిగింది మన గడ్డ మీదనే. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాలలోని 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకొని, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దీనికి పూనుకున్నారు. వాటిలో 200 బడులకు బోనస్ పద్ధతి పెట్టారు. తరగతి సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపై ప్రతి శాతానికి పంతులుకు 500 రూపాయలు. సగటున అది వార్షిక జీతంలో 3 శాతం మాత్రమే. అయినా రెండేళ్లలో లెక్కలు, భాషలు రెంటిలోను పిల్లలు ముందుకు సాగారు. బోనస్ లేని సామాన్య, సాంఘిక శాస్త్రాలలోను మెరుగుపడ్డారు. విచిత్రమేమంటే పంతుళ్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజున మాత్రం అదనపు తరగతులు, ఇంటిపని, నమూనా పరీక్షలు పెరిగాయి.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. వారు కొలిచింది పిల్లవాడు ఎంత ఎత్తున ఉన్నాడని కాదు, ఏడాదిలో ఎంత ఎక్కాడని. పరీక్ష పెట్టినదీ బయటివారే. ఈ జాగ్రత్త లేని చోట ఏమవుతుందో ఇంగ్లండు 1862లోనే చూచింది. రాబర్ట్ లో ప్రవేశపెట్టిన ‘ఫలితానికి చెల్లింపు’ కింద ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి పిల్లలచేత వాచకం వల్లె వేయించడమే చదువైపోయి, 1890 దశకంలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పవలసి వచ్చింది. మదరాసు రాజధానిలో మన తాతలు ఎరిగిన ఫలితాల గ్రాంటూ దాని పిల్లకొమ్మే. గుజరాత్‌లో 2009లో మొదలైన గుణోత్సవ్‌లో మంత్రులు, అధికారులు బడులకు వెళ్లి గ్రేడులు వేశారు. గ్రేడు వేయడం ఒక పూట పని.

లింబాయత్‌లో ఒక టీచరమ్మతో మాట్లాడాను. బోనస్ అంటే ఆమెకు ఏవగింపేమీ లేదు. ఆమె బెంగల్లా హాజరుపట్టీ గురించి. మగ్గం మందగిస్తే, ఊళ్లో పెళ్లి తగిలితే, సంసారమంతా రైలెక్కుతుంది. నడి సంవత్సరంలో వెళ్లిన పిల్లవాడు పరీక్ష నాటికి వస్తాడో, రాడో. ఐదో తరగతిలో చేరి కూడా అక్షరాలు పట్టుబడనివారు మరికొందరు. ఎక్కిన మెట్లను లెక్కించే కొలత వీరి విషయంలో ఆమెకు న్యాయమే చేయగలదు. కాని రైలెక్కిన పిల్లవాణ్ణి ఏ ఖాతాలో వేయాలి? ఆమె జీతంలో కోయాలా, లెక్కనుంచే తీసివేయాలా? తీసివేస్తే, చదువురాని పిల్లలను పరీక్షనాడు ఇంటికి పంపే తెలివిమంతులు బయలుదేరరా?

బోనస్‌కు నేను వ్యతిరేకిని కాను. 3 శాతం ఖర్చుతో పిల్లవాడికి కూడిక వస్తుందంటే సంఘాలవారు అడ్డుపడడం తగదు. అయితే సూరత్‌కు ఆ కొలత పనికిరావాలంటే, విధానం రాసేవారు ముందు ఈ హాజరుపట్టీ తిరగవేయాలి. నేను చూచిన రోజున అందులో ఊరికి పోయిన పిల్లల పేర్లను ఆమె కొట్టివేయలేదు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఉంచింది.