ఇంటి కంప్యూటర్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరమా?

పిల్లల చదువు కోసమో, ఇంటి నుంచి చేసే ఉద్యోగం కోసమో కంప్యూటర్ కొనేందుకు వెళ్లే కుటుంబాలకు దుకాణంలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "గ్రాఫిక్స్ కార్డు కూడా వేయమంటారా?" దానికి ఇచ్చే సమాధానాన్ని బట్టి బిల్లులో వేల రూపాయల తేడా వస్తుంది. కార్డు లేకపోతే కంప్యూటర్ నెమ్మదిగా పనిచేస్తుందేమోనన్న సందేహంతో అవసరం లేకపోయినా కొనేవారున్నారు.

తెరపై కనిపించే అక్షరాలను, బొమ్మలను, వీడియోలను సిద్ధం చేసి మానిటర్‌కు అందించేది గ్రాఫిక్స్ ప్రాసెసర్. ఇది ప్రధాన ప్రాసెసర్‌లోనే భాగంగా ఉంటే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. దీనికి సాధారణంగా సొంత మెమరీ ఉండదు. కంప్యూటర్ ర్యామ్‌లోనే కొంత వాడుకుంటుంది. విడిగా అమర్చే కార్డును డెడికేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. దీనికి సొంత మెమరీ ఉంటుంది. వేగం ఎక్కువ, ధర, విద్యుత్ వినియోగం, వేడి కూడా ఎక్కువే.

ఎవరికి ఏది చాలు?

ఆన్‌లైన్ తరగతులు, కార్యాలయ పనులు, బ్యాంకు లావాదేవీలు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, సినిమాలు చూడటం వంటి వాటికి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలు. నేటి ప్రాసెసర్లు 4కె వీడియోలను సైతం ఇబ్బంది లేకుండా చూపగలవు. ఇలాంటి పనుల్లో కంప్యూటర్ నెమ్మదించడానికి తరచూ కారణం ర్యామ్ చాలకపోవడమో, పాత తరహా హార్డ్ డిస్కో అయి ఉంటుంది. అందువల్ల కార్డుకు పెట్టదలచిన సొమ్ములో కొంత 16 జీబీ ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి వెచ్చించడం మేలు. ఆ ర్యామ్‌ను 8 జీబీ చొప్పున రెండుగా వేయిస్తే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ వేగం కూడా పెరుగుతుంది.

కొత్త తరహా త్రీడీ ఆటలు, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో యానిమేషన్, వృత్తిపరమైన వీడియో ఎడిటింగ్ చేసేవారి సంగతి వేరు. కృత్రిమ మేధ నమూనాలకు సొంత కంప్యూటర్‌లోనే శిక్షణ ఇవ్వాలనుకునే విద్యార్థులదీ అంతే. వీరికి కార్డు విలాసం కాదు, పనిముట్టు.

కరెంటు లెక్క

మదర్‌బోర్డుపై కార్డును అమర్చే స్లాట్ గరిష్ఠంగా 75 వాట్ల విద్యుత్ అందిస్తుంది. అంతకు మించి వాడే కార్డుకు పవర్ సప్లై నుంచి వేరే తీగ కావాలి. ఇళ్లలో సాధారణంగా వాడే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల భారాన్నే మోయగలవు. పెద్ద కార్డు పూర్తి స్థాయిలో పనిచేస్తున్నప్పుడు కరెంటు పోతే, ఆ యూపీఎస్ భారం మోయలేక కంప్యూటర్ ఆగిపోవచ్చు. కార్డు ధరతో పాటు ఈ ఖర్చునూ లెక్కించుకోవాలి.

తర్వాత కూడా చేర్చుకోవచ్చు

డెస్క్‌టాప్ విషయంలో ఈ నిర్ణయాన్ని కొనే రోజే తీసుకోనక్కరలేదు. తగిన స్లాట్, క్యాబినెట్‌లో చోటు, సరిపడా పవర్ సప్లై ఉంటే అవసరం తెలిశాక కార్డు చేర్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఈ వెసులుబాటు లేదు; అక్కడ ముందే తేల్చుకోవాలి.

మరో రెండు జాగ్రత్తలు అవసరం. పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. అవి కొంటే కార్డు తప్పనిసరి. కార్డు వేయించిన తర్వాత మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాకుండా ఆ కార్డుకే తగిలించాలి. లేకపోతే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం కనిపించదు.

దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో ఎవరు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో ఒక కాగితంపై రాసుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ సంస్థలు సూచించిన కనీస అవసరాలతో సరిపోల్చుకోండి. అప్పుడు కార్డు కావాలో వద్దో నిర్ణయించేది అమ్మకందారు మాట కాదు, మీ అవసరం.