పండించే చేతికే ముందు పోషణ
(ప్రకృతి వ్యవసాయం – పెరటి తోట: పొదుపు సంఘాల మహిళలకు సమాచారం)

మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి ఉంది. పొలం ఉన్న ఇళ్లకూ ఈ బాధ తప్పడం లేదు. పండిన కందులు, కూరగాయలు మార్కెట్‌కు వెళ్తాయి. ఇంట్లో చారు, పచ్చడితో పూట గడుస్తుంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఇల్లాలికి.

అందుకే రైతు సాధికార సంస్థ ద్వారా అమలవుతున్న ప్రకృతి వ్యవసాయంలో పొలంతో పాటు పెరటి తోటకూ చోటిచ్చారు. ఈ పని పొదుపు సంఘాలు, గ్రామ సంఘాల ద్వారా నడుస్తుంది. అంటే మీ ద్వారానే.

ఎవరు వేసుకోవచ్చు?

పట్టా భర్త పేరున ఉన్నా, కౌలుకు చేస్తున్నా, అసలు పొలమే లేకపోయినా పెరటి తోట వేసుకోవచ్చు. ఒక సెంటు అంటే 48 గజాల పైచిలుకు. అంత చోటున్నా చాలు. అదీ లేకపోతే పాత బకెట్లు, సంచుల్లో ఆకుకూరలు వేయండి. సొర, బీర తీగల్ని పందిరి మీదికో కప్పు మీదికో పాకించండి.

ఏం వేయాలి?

• ఆకుకూరలు: తోటకూర, పాలకూర, మెంతికూర, గోంగూర, బచ్చలి. అన్నీ ఒకేరోజు చల్లొద్దు. పది, పదిహేను రోజులకో మడి చొప్పున వేస్తే ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి కోతకు వస్తుంది.
• కాయగూరలు: బెండ, వంగ, టమాట, చిక్కుడు.
• గట్టు పక్కన: ఒక మునగ, ఒక బొప్పాయి, ఒక కరివేపాకు.

ఎరువు ఎలా?

పెరటికి 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలపండి. నీడలో ఉంచి ఉదయం, సాయంత్రం కర్రతో తిప్పండి. 48 గంటలకు ద్రవ జీవామృతం తయారవుతుంది. వారంలోగా వాడేయాలి. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. కోసిన ఆకుకూరను మంచి నీళ్లతో బాగా కడిగాకే వండండి.

కంచంలోకి ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు కావాలి. నలుగురు పెద్దలున్న ఇంటికి కూరగాయలే కిలోన్నర పైన అవుతాయి. రోజూ అంత కొనడం కష్టం. పెరట్లో పండితే ఆ భారం కొంత తగ్గుతుంది.

ఇంకో మాట. మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ఆడవాళ్లకు 29 కావాలి. ఎక్కువ అవసరమైన మనిషి చివర్లో మిగిలింది తింటే రక్తం ఎలా పడుతుంది? అందరూ కలిసి కూర్చుని తినండి. ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, గంట ఆగండి.

తోట ఉంది కదా అని ఐరన్ మాత్రలు మానొద్దు. గర్భిణులు 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు తప్పక వేసుకోవాలి.

డబ్బు ఎవరి చేతికి?

ముందు ఇంటికి, మిగిలిందే అమ్మకానికి. అమ్మిన డబ్బు మీ సొంత బ్యాంకు ఖాతాలో వేసుకోండి. ఏ రోజు ఎంత కోశారు, ఇంటికి ఎంత వాడారు, ఎంతకు అమ్మారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రేపు ఇంట్లో ఖర్చుల మాట వచ్చినప్పుడు మీ సంపాదన ఎంతో ఆ పుస్తకమే చెబుతుంది.

ఇంట్లో మగవాళ్లకు

తోట మొత్తం ఆడవాళ్ల నెత్తినే పడితే అది సాధికారత కాదు, ఇంకో చాకిరీ. పొలం, వంట, పిల్లలు ఇప్పటికే వాళ్ల మీదే ఉన్నాయి. నీళ్లు పోయడం, పందిరి వేయడం, పేడ మోయడం మీరు అందుకోండి.

ఈ వారం చేయాల్సినవి

1. మీ గ్రామ సంఘం సమావేశంలో పెరటి తోట గురించి అడగండి. ప్రకృతి వ్యవసాయ సిబ్బంది మీ ఊరికి ఎప్పుడొస్తారో తెలుసుకోండి.
2. సంఘంలో ఎవరి దగ్గర ఏ నాటు విత్తనాలున్నాయో చూసి పంచుకోండి.
3. ఏఎన్ఎం దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే, గర్భిణులకు 11 కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. ఆ అంకె కూడా మీ పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకుని పోల్చి చూసుకోండి.

ఈ సమాచారాన్ని మీ సంఘం గ్రూపులో పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.