మీకు తెలుసా? దుప్పి రైఫిల్‌కి కలకత్తా పుట్టుక

ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్లో దొరకని ఓడ సరుకు లేదని కలకత్తాలో ఒకప్పుడు పెద్ద పేరు. సెంటు సీసాలు, గడియారాలు, టేప్‌రికార్డర్లు, అన్నీ పక్కనున్న రేవు పుణ్యమే. ఆ సందుల్లో ఇవాళ నిలబడి "దుప్పి వేటకు మొదటి రైఫిల్ ఏది తీసుకుంటే మంచిదండీ?" అని అడిగి చూడండి. దుకాణదారు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. న్యాయమే, మన దేశంలో దుప్పి వేట నేరం. అదే ప్రశ్న టెక్సస్‌లో తుపాకుల కొట్లో అడిగితే తలా ఒక జవాబు చెబుతారు. ఆ జవాబుల్లో కొన్నిటి మూలం మాత్రం కలకత్తా చుట్టుపక్కలే ఉంది. తన రైఫిల్‌ని తానే ఎంచుకున్నానని వేటగాడు మురిసిపోతాడు గానీ, చాలాసార్లు అతనికంటే ముందే సైన్యమో సర్కారో ఎంచి పెట్టి ఉంటుంది.

*

ఏనుగుల వేటకు ఆఫ్రికాలో ఇప్పటికీ వాడే .470 బోరు రైఫిల్ పుట్టింది మన దేశంలోని ఒక నిషేధం వల్ల. వాయవ్య సరిహద్దు తెగల చేతికి పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకులు చేరాయి. వాటి బోరు .450. దొరల వేట రైఫిళ్ల బోరూ అదే. వేట తూటాల సరుకు ఎక్కడ సరిహద్దు దాటుతుందోనని సర్కారు భయపడి, 1907 ప్రాంతంలో ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 తూటాలను ఆపేసింది. లండన్ తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా! .465, .470, .476 అంటూ అంగుళంలో వెంట్రుకవాసి తేడాతో కొత్త బోర్లు దించాయి. పని అదే, జంతువు అదే, తూటా పేరు మాత్రం మారింది. 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాకులు అప్పటికి కలకత్తా రేవుకు కొత్త ముఖద్వారం. విలాయతీ రైఫిళ్లు ఊళ్లోకి వచ్చేది ఓడల మీదే.

*

మన దేశంలో లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర తరచుగా కనిపించే రైఫిల్ .315 బోరు. ఈ తూటా మనది కాదు, ఇంగ్లీషువాళ్లదీ కాదు. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ తూటా ఇది. ఎక్కడి వియన్నా, ఎక్కడి హుగ్లీ? కారణం ఇక్కడా నిషేధమే. బ్రిటిష్ సైన్యం తూటా .303. ఆ బోరు పౌరుల చేతిలో ఉంటే, తిరగబడ్డ రోజున సైన్యం తూటాలే సైన్యం మీద పేలతాయి. అందుకని సైన్యం దగ్గర లేని తూటాను వెతికి పౌరులకు అంటగట్టారు. బ్రిటిష్ తుపాకుల కంపెనీ బీఎస్ఏ తన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌నే .315కి మార్చి మన దేశంలో అమ్మింది. తర్వాత ఆ పని కలకత్తా దగ్గరి ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అందుకుంది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం పోయి వందేళ్లు దాటింది, దాని తూటా మాత్రం మన జిల్లా కలెక్టరాఫీసు లైసెన్సు పుస్తకాల్లో ఇంకా బతికే ఉంది.

*

విమానంలో కలకత్తా వచ్చే ప్రతివాడూ డమ్‌డమ్‌లో దిగుతాడు. రైఫిళ్ల చరిత్రలో ఆ ఊరి పేరు రెండుసార్లు మోగింది.

మొదటిసారి 1857 జనవరిలో. కొత్త ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాల కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట అక్కడి ఆయుధాగారం ఖలాసీ ఒకడు బ్రాహ్మణ సిపాయితో అన్నాడని, అక్కడినుంచే సిపాయిల తిరుగుబాటు రాజుకుందని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం.

రెండోసారి 1890లలో. ఇది దుప్పి వేటకు సూటిగా సంబంధించిన కథ. .303 గుండు సీసం, దాని చుట్టూ గట్టి లోహపు తొడుగు. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ పోరాటంలో ఆ గుండు మనిషిలోంచి సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి పోతోందని, తగిలినవాడు ఆగకుండా మీదికి వస్తున్నాడని సైన్యం గోల పెట్టింది. డమ్‌డమ్ ఆయుధాగారం అధికారి కెప్టెన్ బెర్టీ-క్లే ఆ తొడుగును గుండు కొస దగ్గర కొంచెం తీసేసి, లోపలి సీసాన్ని బయటికి కనబడేలా వదిలాడు. తగలగానే మెత్తటి సీసం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. గాయం పెద్దది, శక్తంతా ఒంట్లోనే ఖర్చవుతుంది. ఇంత ఘోరం వద్దని 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో ఇలాంటి గుళ్లు వాడరాదని ప్రకటించింది. బ్రిటిష్‌వాళ్లకు అది బొత్తిగా రుచించలేదు.

వేట చట్టం సరిగ్గా తలకిందులు. ఇంగ్లండ్ 1991 జింకల చట్టం ప్రకారం రైఫిల్‌తో జింకను కొట్టాలంటే మెత్తటి ముక్కు గుండో, ముక్కులో గుంట ఉన్న గుండో వాడాల్సిందే. అమెరికాలో పలు రాష్ట్రాల్లో పూర్తి తొడుగున్న సైనిక గుండుతో జింక వేట నిషిద్ధం. సన్నటి బెజ్జంతో పారిపోయిన జింక ఎక్కడో పొదల్లో గంటల తరబడి యాతనపడి చస్తుంది కనుక. మనిషి మీద క్రూరం అన్నది జింక మీద దయ అయింది! ఇలా విచ్చుకునే గుండుకే పేరై డమ్‌డమ్ నిఘంటువులకెక్కింది గానీ, ఆ ఊరివాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు.

*

1914 ఆగస్టు 26న కలకత్తా కస్టమ్స్ హౌస్ నుంచి ఆర్.బి. రోడా తుపాకుల కంపెనీకి 202 పెట్టెలు బయల్దేరాయి. పది పెట్టెలు గోదాముకు చేరలేదు. వాటిలో ఉన్నవి 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు. తీసుకుపోయింది విప్లవకారులు, సరుకు విడిపించింది కంపెనీ గుమాస్తా శ్రీశ్ మిత్ర. మరుసటి ఏడు బాలాసోర్ దగ్గర విప్లవ నాయకుడు బాఘా జతీన్ దళం పోరాడింది మౌజర్లతోనే. ఆ పిస్తోలు చేసిన జర్మనీ కంపెనీదే 1898 నాటి బోల్ట్ అమరిక కూడా. ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే బోల్ట్ యాక్షన్ వేట రైఫిళ్లలో ఎక్కువ భాగం దానికి మార్పులూ చేర్పులే.

*

అమెరికాలో కొందరు కుర్రాళ్ల మొదటి జింక రైఫిల్ మీద అశోక సింహాలు ఉన్నాయంటే నమ్ముతారా?

1962 చైనా యుద్ధం తర్వాత మన సైన్యం .303 నుంచి 7.62 నాటో తూటాకు మారుతోంది. కొత్త ఆటోలోడింగ్ రైఫిళ్లు అందరికీ అందేలోగా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇచ్ఛాపూర్‌లో పాత లీ-ఎన్‌ఫీల్డ్‌నే మెరుగైన ఉక్కుతో కొత్త తూటాకు సరిపడా చేశారు. అదే 2ఎ. కొద్దికాలానికే దాని గురిపట్టీని 2000 మీటర్ల నుంచి 800 మీటర్లకు తగ్గించారు, అది 2ఎ1. చేతిలోకి తీసుకుంటే మొదట కనబడేది మేగజైన్. పాత .303 మేగజైన్ అడుగు ఏటవాలుగా ఉంటుంది, దీనిది చదరంగా, 12 తూటాలు పట్టేలా ఉంటుంది. బోల్ట్ పిడి కింద, బ్యారెల్‌కీ బట్‌కీ మధ్య ఉక్కు పట్టీ మీద సింహాల ముద్ర, ఆర్ఎఫ్ఐ అన్న అక్షరాలు, తయారైన ఏడు.

సైన్యానికి అక్కర తీరాక ఇవి మిగులు సరుకుగా అమెరికా చేరాయి. అప్పట్లో అక్కడ కొత్త వేట రైఫిల్ ఖరీదుతో పోలిస్తే చవకగా దొరికేవి. తూటా చూస్తే అక్కడివాళ్లు ఇష్టపడే .308 విన్‌చెస్టర్‌కు చాలా దగ్గర. దగ్గరే గానీ అచ్చంగా ఒకటి కాదు. ఈ రైఫిల్లో .308 పేల్చవచ్చా లేదా అన్న వాదన అక్కడ ఇప్పటికీ తెగలేదు. కొనేముందు తుపాకుల మేస్త్రీకి చూపించడమే పద్ధతి. చెక్క బట్ బరువు, వెనక్కి తన్నే దెబ్బ బాగా తెలుస్తుంది, టెలిస్కోప్ బిగించడానికి వీలు తక్కువ. అయినా కొన్ని ఇళ్లలో తండ్రి కొడుక్కి ఇచ్చిన మొదటి రైఫిల్ ఇదే. హుగ్లీ ఒడ్డున చేసినవాళ్లలో ఏ ఒక్కరూ జింకను ఊహించి చేసి ఉండరు.

*

కుమావూ నరమాంసభక్షకుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ దగ్గర పెద్ద బోరు డబుల్ బ్యారెల్ కూడా ఉండేది. అయినా ఆయన ఎక్కువగా భుజాన వేసుకుని తిరిగింది .275 రిగ్బీ, అంటే 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటా వేసే తేలికపాటి రైఫిల్. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూవెట్ బహూకరించింది అదే. బట్ మీద ఆ సంగతి చెక్కిన వెండి రేకు ఉంటుంది. రోజంతా కొండలెక్కే మనిషికి బరువే మొదటి లెక్క. "సర్వావసర రైఫిల్" అన్న మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

*

డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ఒక ముక్క. హెచ్1బీ, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి ఏమిటో తెలుసా? వేట లైసెన్సు! రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ తిరకాసు లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు ముందు శిక్షణ కోర్సు చేయాలి. అంటే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లంతా. వీసా కాగితాల సంగతి కాబట్టి కొట్టువాడి మాట మీద కాక లాయరు మాట మీద నడవడం క్షేమం.

అక్కడ కూడా తూటాను చట్టమే ఎంచే చోట్లున్నాయి. అయోవా, ఒహాయో లాంటి చదునైన రాష్ట్రాల్లో గుండు మైళ్ల దూరం పోయి ఎవరికో తగులుతుందని, సీసా మెడలా సన్నబడే తూటాలను జింకల సీజన్లో చాలాకాలం ఒప్పుకోలేదు. ఆ నిబంధనకు సరిపడేలా విన్‌చెస్టర్ కంపెనీ 2019లో .350 లెజెండ్ అనే నిలువు గోడల తూటా తెచ్చింది. 1907లో లండన్‌వాళ్లు చేసిన పనే.

*

ఇక అసలు ప్రశ్న. వేట చట్టబద్ధమైన దేశంలో ఉండి, ఒకే ఒక్క రైఫిల్ కొనేవాడికి ఏది?

పెద్ద చర్చ అక్కర్లేదు. బోల్ట్ యాక్షన్, .308 లేదా .30-06. రెంటి మూలమూ సైనిక తూటాలే: .30-06ను అమెరికా సైన్యం 1906లో తీసుకుంది, .308 పౌరుల మార్కెట్లోకి 1952లో వచ్చింది. తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, చిన్న జింక నుంచి ఎల్క్ దాకా సరిపోతాయి. .30-06లో 150 గ్రెయిన్ల గుండు, అంటే పది గ్రాములకు కొంచెం తక్కువ, సుమారు 3800 జౌళ్ల శక్తితో బయల్దేరుతుంది. ఇంగ్లండ్‌లో చాలా రకాల జింకలకు చట్టం అడిగే కనీస శక్తి 1700 అడుగు-పౌండ్లు, సుమారు 2300 జౌళ్లు. ఇంతకంటే పెద్ద మాగ్నమ్ కొనడం, నన్నడిగితే, డాబుకే. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవాడికి ఎంత శక్తి ఉంటే ఏం లాభం?

కొట్లో చూడాల్సింది బోరు కాదు, ఒంటికి అమరిక. బట్‌ను మోచేతి మడతలో ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోవాలి. భుజానికెత్తి కళ్లు తెరిస్తే తల కదపకుండానే స్కోప్‌లో బొమ్మ నిండుగా కనబడాలి. జింక ముందుకాలు వెనక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. రేంజిలో మీరు కాల్చిన గుళ్లన్నీ ఎంత దూరం దాకా ఆ ఎనిమిది అంగుళాల్లో పడతాయో, అంతే మీ హద్దు. డబ్బా మీద రాసిన గజాల లెక్కతో పనిలేదు.

*

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. వేటగాడు కోరుకునే రెంటినీ మనం రాజముద్ర వేసినంత పనిచేసి కాపాడుకుంటున్నాం. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి, ఇప్పుడు కృష్ణజింకల జాతీయ పార్కు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనూ దాని తర్వాతి సవరణలతోనూ ఈ వేటకు తెరపడింది.

ఖిదిర్‌పూర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న అలీపూర్ జూ కథ ఇంకా తమాషా. దాన్ని 1876 జనవరి 1న ప్రారంభించింది బ్రిటిష్ యువరాజు ఎడ్వర్డ్. అదే పర్యటనలో ఆ తర్వాత నేపాల్ తరాయికి వెళ్లి పులుల్ని వేటాడాడు కూడా. జూ మాత్రం తరువాతి కాలంలో, ఒకప్పుడు అంతరించిందనుకున్న మణిపూర్ సంగాయ్ జింకల్ని పెంచింది.

మరి మన దేశంలో రైఫిల్ లైసెన్సు ఎందుకు? ఆత్మరక్షణకు, క్రీడకు. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఇచ్ఛాపూర్‌వాళ్లు .30-06 స్పోర్టింగ్ రైఫిల్ కూడా చేస్తారు. గురి మీదే మోజున్నవాళ్లకు 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 ఎయిర్ రైఫిల్ చాలు, దానికి లైసెన్సే అక్కర్లేదు. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఆ బోరుతోనే. అదే ఒలింపిక్స్‌లో కలకత్తా షూటర్ జయదీప్ కర్మాకర్ 50 మీటర్ల ప్రోన్ పోటీలో నాలుగోవాడు. కాంస్యం తప్పింది 1.9 పాయింట్లలో.